పోపు వెనక గోడ

ఈ వారం పేపరు మడతల్లోంచి ఓ ఇంటీరియర్ కరపత్రం జారిపడింది. మందపాటి నున్నని కాగితం, పేజీకో వంటిల్లు. ప్రతి వంటింట్లోనూ స్టవ్ వెనక గోడకు ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకటే పలక. గీత లేదు, సందు లేదు. స్టవ్ మీద మూకుడూ లేదు, పాలగిన్నే లేదు. పక్కన గాజు గిన్నెలో నాలుగు నిమ్మకాయలు మాత్రం ఉన్నాయి. వాటిని ఎవరూ పులిహోరకు పిండబోరని చూడగానే తెలిసిపోతుంది. ఈ కాలమ్ ఎప్పటినుంచో చదువుతున్నవాళ్లకు నా పాత గొడవ తెలుసు: మన వంటిళ్లను వండనివాళ్లు గీస్తారు, వండేవాళ్లు తోముతారు. మళ్లీ ఆ పాట అందుకోవడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు. అయితే ఆ కరపత్రంలో కొట్టిపారేయలేని మాట ఒకటుంది. టైళ్ల గోడలో పాడయ్యేది టైలు కాదు, టైలుకీ టైలుకీ మధ్య ఉండే సందు. కాబట్టి సందే లేకుండా చేస్తే సరి అంటున్నారు వాళ్లు. మొదటి మాట నూటికి నూరుపాళ్లు నిజం. రెండోదాని సంగతే తేలాలి.

ముందు మన గోడ మీద పడేదేమిటో చూద్దాం. కాగిన నూనెలో ఆవాలు వేస్తే గింజలోని తేమ ఆవిరై, పొట్టు పగిలి, ఆ విసురుకు నూనె తుంపర్లు లేస్తాయి. కరివేపాకు కడిగి నీళ్లు దులపకుండా వేశామా, ఇంక చెప్పక్కర్లేదు. పెద్ద చుక్కలు గట్టు మీద పడతాయి, కంటికి ఆననంత సన్నవి ఆవిరితో పాటు లేచి గోడకు అంటుకుంటాయి. అప్పటికప్పుడు తుడిస్తే తడిగుడ్డతో పోతాయి. వదిలేస్తే ఆ నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లమెల్లగా గట్టిపడి వార్నిష్ అయి కూర్చుంటుంది. పొద్దుతిరుగుడు నూనెకు ఈ గుణం వేరుశనగ నూనె కంటే ఎక్కువ. చిమ్నీ అంచున, స్విచ్చుబోర్డు మీద వేలికి తగిలే బంక అదే. దానికి తోడు పసుపు. పసుపులోని రంగు నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. అంటే నూనె తుంపరే దానికి వాహనం. మెరుపు పూత ఉన్న టైలు మీద పడితే లోపలికి దిగడానికి దారి లేదు. సందులో నింపిన సిమెంటుకు ఒళ్లంతా సన్నని రంధ్రాలే కాబట్టి హాయిగా పీల్చుకుంటుంది. ఇక్కడో తమాషా ఉంది. పెళ్లిలో పారాణికైనా, గుమ్మంలో దిష్టి తీసే ఎర్రనీళ్లకైనా పసుపులో సున్నం కలుపుతాం. క్షారం తగలగానే పసుపు ఎర్రబడుతుంది. సిమెంటులో క్షారం ఉంది, గిన్నెలు తోమే సబ్బులోనూ ఉంది. పప్పుచారు చిందిన తెల్ల సిమెంటు గీతను సబ్బు పెట్టి తోమగానే ఇటుకరంగుకు తిరగడం అందుకే. మరక ముదిరిందని కంగారుపడి ఇనుప పీచుతో ఇంకా రుద్దితే మరక అక్కడే ఉంటుంది, సిమెంటు రాలిపోతుంది. ఎండ తగిలే గోడైతే పసుపు దానంతటదే వెలిసిపోతుంది గానీ, అపార్ట్‌మెంట్ వంటింటికి అంత యోగం ఎక్కడిది.

ఇక లెక్క. 10 అడుగుల గట్టు, దానిపైన అల్మారాల దాకా 2 అడుగుల ఎత్తు, అంటే 20 చదరపు అడుగుల గోడ. పాత ఇళ్లలోలా 4 అంగుళాల చదరపు టైళ్లు వేస్తే అడ్డం గీతలూ నిలువు గీతలూ కలిపి 108 అడుగుల పొడవు సందు వస్తుంది. 12×24 అంగుళాల టైలును అడ్డంగా పరిస్తే 18 అడుగులే, ఆరో వంతు. ఒకటే పలకైతే సున్నా. లెక్క ఇలా ఉంటే కరపత్రం గెలిచినట్టే. పైగా వస్తువుకు కొదవ లేదు. గట్టు మీద పరిచే చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌నే గోడకూ నిలబెట్టొచ్చు. మొర్బీ ఫ్యాక్టరీలు మనిషి ఎత్తును మించిన పలకలు తీస్తున్నాయి. క్వార్ట్జ్ ఉంది, వెనకవైపు రంగు పూసిన గాజు ఉంది. వీటితో పాటు షాపువాళ్లు చూపించే పాలరాయినీ, సున్నపురాయి జాతి బండల్నీ, అది తాండూరైనా కడపైనా బేతంచెర్లైనా, ముందే పక్కన పెట్టాలి. చింతపండు పులుసో నిమ్మరసమో తగిలినచోట రాయే కరిగి మెరుపు పోతుంది. అది పైన పడిన మరక కాదు కాబట్టి ఎంత తుడిచినా పోదు. గాజైతే స్టవ్ వెనక టఫెన్ చేసిందే ఉండాలి, టఫెన్ చేశాక దానికి రంధ్రం పెట్టలేం, అంచు కొయ్యలేం, అందుకని ప్లగ్ పాయింటు ఎక్కడో అంగుళాలతో సహా ముందే తేల్చుకోవాలి. ఇక ఆన్‌లైన్‌లో కొన్న స్టిక్కర్ షీట్లను మంటకు జానెడు దూరంలో అంటించేవాళ్ల ధైర్యానికి ఓ దణ్ణం.

అసలీ గోడ పొయ్యికి ఇంత దగ్గరగా ఎప్పుడొచ్చింది? మన వంటింటి చరిత్రలో ఇది నిన్నమొన్నటి సంగతే. పొయ్యి నేల మీద ఉన్నన్నాళ్లూ పోపు చిందినా, గంజి పొంగినా నేలకే. మర్నాడు పొద్దున అలికితే పోయేది. గోడకు దక్కిందల్లా మసి. ఆ మసికి జవాబు సున్నం. సంక్రాంతికో, ఇంట్లో పెళ్లి కుదిరితే దానికి ముందో, వంటింటి గోడకు మళ్లీ వెల్ల పడేది. బర్మాషెల్ 1955లో బొంబాయిలో గ్యాస్ సిలిండర్లు అమ్మడం మొదలుపెట్టింది. 1965లో ఇండేన్ వచ్చింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకంతో గ్యాస్ పొయ్యి డ్వాక్రా మహిళల ఇళ్లలోకి అడుగుపెట్టింది. పట్నంలో ముందు, పల్లెలో వెనక, గ్యాస్ వెళ్లిన ప్రతిచోటా వంటిల్లు ఒకే తీరుగా మారింది. స్టవ్ గట్టెక్కింది, సిలిండరు గట్టు కిందికి చేరింది, గట్టేమో గోడకు ఆనుకుంది. కూర్చుని వండే మనిషి లేచి నిలబడింది. ఆ నిలబడడంలో మూకుడుకూ గోడకూ మధ్య దూరం జానాబెత్తెడుకు తగ్గిపోయింది. మసి పోయి జిడ్డు వచ్చింది. మసి మీద సున్నం నిలుస్తుంది, జిడ్డు మీద నిలవదు. గట్టు మీద టైళ్లు పుట్టుకొచ్చింది ఆ అవసరంలోంచే.

మొదట వచ్చినవి ఉత్త తెల్లవి. ఆ తర్వాత హైలైటర్ల కాలం. నాలుగు సాదా టైళ్లకొకటి చొప్పున ద్రాక్షగుత్తి, సగానికి కోసిన యాపిల్, పొగలు కక్కే కప్పూ సాసరూ. తెలుగునాట ఒక తరం తరమంతా ఆ ద్రాక్షపళ్లను చూస్తూ గోంగూర ఉడికించింది. ఒక్క టైలు మీదైనా మునక్కాడో దొండకాయో వేద్దామని ఏ కంపెనీకీ తోచలేదు! ఇప్పుడు ద్రాక్షపళ్లు పాతబడి సబ్‌వే టైలు ఫ్యాషన్ అయింది. అది 1904లో న్యూయార్క్ భూగర్భ రైలు మొదలైనప్పుడు హీన్స్, లాఫార్జ్ అనే ఆర్కిటెక్టులు స్టేషన్ల గోడలకు వాడిన 3×6 అంగుళాల తెల్ల మెరుపు పలక. నేల కింద చీకట్లో వెలుతురును తిప్పికొట్టాలి, జనం ఆనుకుని నడిచే గోడ కడిగితే శుభ్రపడాలి, అదీ వాళ్ల అవసరం. అందుకని టైలు పక్కన టైలును వీలైనంత దగ్గరగా పేర్చారు. మన కేటలాగుల్లో అదే టైలు వెడల్పాటి నల్ల గీతలతో, ఆ గీతలే అందమన్నట్టు వస్తోంది. ఇందాకటి 20 చదరపు అడుగుల్లో దాని సందు 109 అడుగులు. తాతల నాటి 4 అంగుళాల టైలు కంటే ఓ అడుగు ఎక్కువే.

వెల్ల సంగతి ఊరికే ఎత్తలేదు. సున్నం కొట్టిన గోడకు మరక పడదని ఎవరూ అనుకోలేదు. పడుతుంది, ఏడాది తిరిగేసరికి మళ్లీ కొడతాం, అంతే. ఆ గోడ బలం అక్కడే ఉంది. అమెరికాలో అద్దె ఇళ్లలో మనవాళ్లు స్టవ్ వెనక అల్యూమినియం ఫాయిల్ అంటించుకుని, జిడ్డుపడితే పీకి ఇంకోటి అంటిస్తారు. చూడ్డానికి ఏమంత బాగోదు గానీ తర్కం సున్నానిదే. ఇప్పుడు కరపత్రంలోని పలకను దీని పక్కన పెట్టి చూడండి. అది మాయదు, నిజమే. మరి దాని వెనక? మన ఇళ్లలో ఆ గోడ లోపలే సింకు కుళాయి పైపు వెళ్తుంది, వాటర్ ఫిల్టర్ లైను వెళ్తుంది, మిక్సీకి గ్రైండరుకు కరెంటు తీగ వెళ్తుంది. పైపు అతుకులో చెమ్మ మొదలైతే అది వంటింట్లో కనిపించదు. అవతలి గదిలో పెయింటు పొక్కుతుంది, లేదా కింది ఫ్లాటువాళ్లు తలుపు కొడతారు. ప్లంబరు వచ్చాక ఎక్కడో ఒకచోట గోడ తెరవక తప్పదు. టైళ్ల గోడైతే ఒకటో రెండో పగులుతాయి. పలకైతే మొత్తం దిగాల్సిందే, గాజైతే ముక్కలుముక్కలుగా దిగుతుంది. అంతదాకా ఎందుకు, ఎయిర్ ఫ్రయ్యర్ కొన్నారు, ఇంకో ప్లగ్ పాయింటు కావాలి. రీమోడలింగ్ చేయించేటప్పుడు ఇదే ఆఖరు అనుకుంటాం గానీ వంటింట్లో ఏదో ఒకటి మారుతూనే ఉంటుంది. గోడను విప్పడానికి ఉన్న దారి ఆ సందే.

ఆ మాటకొస్తే సందు లేని గోడ అనేది ఫొటోలోనే సాధ్యం. 10 అడుగుల పలక అపార్ట్‌మెంట్ లిఫ్టులో పట్టదు, మెట్ల మలుపు తిరగదు. రెండు మూడు ముక్కలు చేయక తప్పదు. ఎల్ ఆకారపు గట్టైతే మూలలో అతుకు ఎలాగూ ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యమైన సందు గోడ వచ్చి గట్టు గ్రానైట్ మీద కూర్చునేచోట ఉంటుంది. వంటింట్లో ఎక్కువ తడిసేదీ, పిండి, చక్కెర, టీపొడి చేరి చీమల్ని పిలిచేదీ అదే. గోడ వేరు, గట్టు వేరు. ఎండాకాలం ఒకటి ఒకలా కదిలితే రెండోది ఇంకోలా కదులుతుంది. అక్కడ తెల్ల సిమెంటు నింపితే త్వరలోనే వెంట్రుకంత చీలిక వస్తుంది, నీళ్లు దిగుతాయి. రెండు మూడు మిల్లీమీటర్లు ఖాళీ వదిలి సిలికాన్ పెట్టాలి. పలక పెట్టినా టైలు పెట్టినా ఈ పని తప్పదు.

మరి పసుపు మాటేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇందాకటి లెక్కను ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్దాం. సందు వెడల్పు 2 మిల్లీమీటర్లయితే, 108 అడుగుల సందు మొత్తం కలిపినా ముప్పావు చదరపు అడుగు నిండదు. 12×24 టైళ్ల గోడలోనైతే పోస్టుకార్డుకు కాస్త తక్కువ. గోడంతా మార్చేయమని కరపత్రం చెప్తున్నది ఆ పోస్టుకార్డు కోసం! అంత చిన్న జాగాలో నింపే సరుకు మారిస్తే సరిపోతుంది కదా. ఎపాక్సీ గ్రౌట్ నూనెను పీల్చదు, పసుపుకు లోపల చోటివ్వదు. సిమెంటు గ్రౌట్ కంటే ఎన్నో రెట్లు ఖరీదని ముఖం చిట్లిస్తారు గానీ, ఇంత గోడకు చిన్న టైళ్లు వేసినా కిలో, మహా అయితే కిలోన్నర పడుతుంది. అసలు ఇబ్బంది ఖరీదు కాదు, మేస్త్రీ ఓపిక. రెండు భాగాలు కొలత తప్పకుండా కలపాలి, గట్టిపడేలోగా నింపాలి, టైలు మీద అంటిన పొర ఆరకముందే తుడవాలి. ఆరిందా, ఇక అది టైలుతోనే ఉండిపోతుంది. విప్పేటప్పుడు కూడా ఎపాక్సీ మొండిది. అందుకని నా సలహా సగం సగం: స్టవ్ వెనకా, దానికి అటూ ఇటూ అడుగున్నర చొప్పునా ఎపాక్సీ, పైపులున్న సింకువైపు మామూలు పాలిమర్ గ్రౌట్, అదీ తెలుపు వద్దు, బూడిదరంగు. చిమ్నీ ఉంది కదా, ఇంత ఎందుకనే వాదన కూడా ఉంది. చిమ్నీ ఆవిరినీ పొగనూ లాగుతుంది, చిటపటమని ఎగిరే చుక్కను లాగదు. పైగా పోపు అయ్యేది అర నిమిషంలో; దానికోసం చిమ్నీ వేసేవాళ్లెందరో చేతులెత్తమనండి. ఇక గరుకు టైళ్లు, ఉబ్బెత్తు డిజైన్ల టైళ్లు హాల్లో టీవీ వెనకే బాగుంటాయి.

ఇన్ని చెప్పాక కూడా టైలు ఎంపిక మీద పెట్టినంత బుర్ర బిగించే పని మీద పెట్టం. కనిపించనిదానికి డబ్బివ్వడానికి చెయ్యి రాదని ఇక్కడ ఎన్నిసార్లు రాశానో పాఠకులకే తెలుసు. సాధారణ గోడ టైలు తన బరువులో పది శాతానికి పైగా నీళ్లు పీల్చగలదు. అందుకే పాత మేస్త్రీలు దాన్ని నీళ్లలో నానబెట్టి సిమెంటుతో అంటించేవాళ్లు, అది పట్టుకునేది. విట్రిఫైడ్ టైలు అర శాతం కూడా పీల్చదు. దానికీ అదే సిమెంటు పూస్తే పట్టుకోవడానికి చోటుండదు, కొన్నాళ్లకు ఊడి గట్టు మీద పడుతుంది. దానికి టైల్ అడ్హెసివ్ కావాలి, అదీ పళ్లున్న తాపీతో గోడంతా సమంగా పరిచి. టైలు వెనక నాలుగు మూలలా నాలుగు ముద్దలూ, మధ్యలో ఒకటీ కొట్టి అదిమేసే పద్ధతి ఇంకా చాలాచోట్ల నడుస్తోంది. ముద్దల మధ్య బోలు మిగులుతుంది. ఆ బోలు మీద చిమ్నీవాడు డ్రిల్లు పెట్టగానే టైలు బీటలిస్తుంది. పని అయ్యాక నాణెంతో టైలు టైలునూ తట్టి చూడండి. గట్టి శబ్దం, బోలు శబ్దం ఎవరి చెవికైనా తెలుస్తాయి. పాత టైళ్లు పీకకుండా వాటిమీదే కొత్తవి వేద్దామన్నప్పుడు కూడా ఇదే పరీక్ష. పాతదే బోలుగా మోగితే దానిమీద వేసినదాని గతీ అంతే.

వరస కూడా ముఖ్యమే. ముందు ఎలక్ట్రీషియన్, ప్లంబరు గాడులు కొట్టి పైపులు, తీగలు వేయాలి, పైపుల్లో నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి కారడం లేదని చూడాలి, తర్వాత ప్లాస్టరింగ్, దాన్ని తడపడం, తర్వాత గట్టు రాయి, ఆపైన గోడ టైళ్లు. కొలత స్టవ్ మధ్య నుంచి మొదలుపెట్టి రెండు వైపులా పోవాలి, కోసిన ముక్కలు మూలలకు చేరాలి. ఒక మూల నుంచి మొదలుపెడితే రెండో మూల రెండంగుళాల బద్దతో ముగుస్తుంది, కన్ను రోజూ అక్కడికే పోతుంది. స్విచ్చుపెట్టె టైలు నడిమధ్యకు కాకుండా సందు మీదికి వచ్చేలా ముందే గీసుకుంటే కోత సులువు, పగలడం తక్కువ. చిమ్నీ వెనక గోడ వదిలేస్తుంటారు, రెండడుగుల దగ్గర ఆపకుండా అక్కడ మాత్రం చిమ్నీ అడుగు దాటేదాకా పోవాలి.

ఇంతకీ ఏ టైలు? మరీ చిన్నదీ వద్దు, పలకా వద్దు. 12×18 గానీ 12×24 గానీ, మెరుపు పూత ఉన్నది, ఒకే రంగుది, కేటలాగులో ఎవరూ వేలు పెట్టి చూపించనంత మామూలుది. మామూలుదే ఎందుకంటే, ఐదేళ్ల తర్వాత రెండు పగిలితే వెతకాల్సింది అదే డిజైను. అప్పటికి అది ఆగిపోయి ఉంటుంది. సాదా తెలుపైనా బ్యాచి మారితే ఛాయ మారుతుంది, పక్కపక్కన పెడితే పట్టిస్తుంది. అందుకని ఒక పెట్టె అదనంగా కొని అటకెక్కించండి, పెట్టె మీది షేడ్ నంబరు బిల్లు మీద కూడా రాయించుకోండి. టైలు పడకముందే గోడకు టేపు ఆనించి పైపులు వెళ్లిన దారిని ఫోన్లో ఫొటో తీసి ఉంచుకోండి. మిగిలిన టైళ్లు తీసుకెళ్తానని మేస్త్రీ అడుగుతాడు, ఇవ్వకండి.